వలల షెడ్డులో మూడో కుర్చీ

బల్ల దగ్గర కూర్చోగానే కుముదిని తన ముందున్న గ్లాసును బోర్లిస్తుంది. పెళ్ళిలోనైనా అంతే, సంతాపసభలోనైనా అంతే. తాను తాగనని ఎవరితోనూ అనదు. చప్పుడు కాకుండా అంచు కింద ఒక వేలు ఉంచి, ఆ వేలిని మెల్లగా తీసేస్తుంది. ఆ తర్వాతే కోటు విప్పుతుంది.

ఫింకెన్‌వెర్డర్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు. హాంబర్గ్ రేవుకు ఎదురుగా, ఎల్బే నదిలో ఉన్న పాత జాలరుల దీవి అది. ఇప్పుడు ఒక పక్క నేలకు అతుక్కుపోయింది గాని, అక్కడివాళ్ళు మాత్రం దీవి అనే అంటారు. ఆ దీవిలోని విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి తిరుపతిరావు వచ్చాడు. ఆయన వెనక సామర్లకోట నుంచి కుముదిని వచ్చింది. ఆయన రెక్కల విభాగంలో పని చేసి రిటైరయ్యాడు. ఆమె ఆసుపత్రి ప్రయోగశాలలో ఊళ్ళోవాళ్ళ నెత్తురు పరీక్షించి రిటైరైంది. వాళ్ళ ఇంటిపేరు పలకలేక దీవి ఎప్పుడో చేతులెత్తేసింది. ఆయన హెర్ రావ్, ఆమె ఫ్రౌ రావ్.

నది కట్ట పక్కన ఒక పొడుగాటి చెక్క షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో వలలు బాగుచేసేవారు. చేపల వేట ఆగిపోయాక దీవివాళ్ళు సంఘం పెట్టుకుని దాన్ని బీరుశాల చేశారు. దానికి యజమాని లేడు. బీరు అమ్మే లైసెన్సు సంఘం పేరునే ఉంది. సంఘం తరఫున ముగ్గురు ధర్మకర్తలు పూచీ పడతారు. వచ్చిన లాభంలో ఒక్క పైసా ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. అది దీవికే ఖర్చు కావాలి. ఎక్కువ భాగం ఈత నేర్పడానికి పోతుంది. ఇళ్ళకంటే ఎత్తున నీళ్ళు పారే చోట అది సహజమే. పాతవాళ్ళకు ఒకప్పుడు కట్ట తెగి వచ్చిన వరద ఇంకా గుర్తుంది.

కుముదిని కూడా ఆ బీరు డబ్బుతోనే ఈత నేర్చుకుంది. అప్పటికి నలభై దాటింది. కట్ట మీద నిలబడితే కళ్ళు తిరిగేవి. వాన రాత్రుళ్ళు కూతురు నీనా మంచం పక్కన కూర్చుని నది చప్పుడు వినేది. చివరికి ఒకరోజు ఈతకొలనుకు వెళ్ళి, ఫ్రౌ మేవెస్ అనే టీచరు ముందు నిలబడింది. మొదటి నెల నీళ్ళను తిట్టింది. రెండో నెల ఫ్రౌ మేవెస్‌ను తిట్టింది. తిట్లు తెలుగులో కాబట్టి ఆవిడ నవ్వి, గడ్డం పట్టుకుని పైకెత్తేది. చలికాలం వెళ్ళేసరికి కుముదిని కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఈదింది. బయటికొచ్చి, ఎవరూ చూడకుండా షవరు కింద ఏడ్చింది. ఆ రాత్రి నుంచి వాన వాన లాగే వినిపించింది.

అందుకే ఆ షెడ్డు అంటే ఆమెకు గౌరవం. సంఘంలో సభ్యురాలైంది. ఆదివారాలు చేప రొట్టెలకు ఉల్లిపాయలు తరిగింది. ముందున్న గ్లాసు బోర్లించింది.

కొన్నేళ్ళ క్రితం ముగ్గురు ధర్మకర్తల్లో ఒకరి కుర్చీ ఖాళీ అయింది. సంఘానికి పెద్ద క్యుల్పర్. ఫెర్రీలు నడిపి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడతాడు. సర్వసభ్య సమావేశంలో అందరికంటే ముందు కుముదిని వైపు తిరిగి, "ఫ్రౌ రావ్, మీరు ఉంటారా?" అని అడిగాడు.

ఆమెకు ఉంటాననాలని ఉంది. కాని మొదటిసారి అడిగినప్పుడు ఎవరైనా ఉంటానంటారా? "అయ్యో, నాకెందుకండీ అంత పెద్ద పని! వద్దు, వద్దు" అంది నవ్వుతూ, తల దించుకుని. వడ్డించేవాళ్ళు గరిటెతో వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం లాంటిదది. ఆ చేతి పక్కనుంచి వడ్డించాలి. అందరికీ తెలిసిన పద్ధతి.

క్యుల్పర్ మర్యాదగా తల ఊపి, పక్కవాణ్ణి అడిగాడు. హాన్నెస్ అనే ఆ పక్కవాడు సరేనన్నాడు. అయిపోయింది.

ఆమె సభ ముగిసేదాకా ఎదురు చూసింది, ఎవరైనా మళ్ళీ అడుగుతారేమోనని. ఇంటికొచ్చి చెబితే తిరుపతిరావు పడీ పడీ నవ్వాడు.

"రెండోసారి బతిమాలడానికి వాడేమన్నా మీ మేనమామా? వద్దంటే వద్దనే రాసుకుంటారిక్కడ."

"ఒక్కసారి అడిగి వదిలేస్తారటండీ ఎక్కడైనా?"

"ఇక్కడ వదిలేస్తారు. ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా తెలీదా నీకు?"

తెలుసు. షాపులో, ఆసుపత్రిలో, బస్సులో తెలుసు. గౌరవం దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక పాత దారినే పోతుంది.

ఈ చలికాలంలో హాన్నెస్ చనిపోయాడు. ధర్మకర్తల్లో మిగిలింది క్యుల్పర్, ఈత నేర్పే ఫ్రౌ మేవెస్. సంఘం నియమాల ప్రకారం ముగ్గురుంటేనే లైసెన్సు నిలుస్తుంది. లైసెన్సుల ఆఫీసు వాళ్ళు నెలాఖరు శుక్రవారం దాకా గడువిచ్చారు. ఆలోగా మూడో పేరు చెప్పకపోతే బీరు కుళాయిలు కట్టేయాలి.

దీవిలో షెడ్డు వద్దనేవాళ్ళు ఒక్కరూ లేరు. కుర్చీ కావాలనేవాళ్ళు కూడా ఒక్కరూ లేరు. చిన్నపిల్లాడికి బీరు పోశారని కేసయితే జవాబు చెప్పాల్సింది ధర్మకర్తలు. పొయ్యి నుంచి నిప్పంటుకుంటే వాళ్ళే, పక్కింటివాళ్ళు పాటల గోల అని ఫిర్యాదు చేస్తే వాళ్ళే. ఈలోగా గారేజీ బెర్న్‌ట్ ఒక కబురు తెచ్చాడు. పానీయాల కంపెనీ ఒకటి షెడ్డును నడపడానికి సిద్ధంగా ఉంది. లైసెన్సు వాళ్ళదే, తలనొప్పీ వాళ్ళదే. సంఘానికి అద్దె ఇస్తారు. మరి ఈత సంగతి? "అది తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు బెర్న్‌ట్.

తర్వాత చూసుకోవచ్చు అంటే ఏమిటో కుముదినికి తెలుసు. ఇప్పుడు కొలనులో ఈత నేర్చుకునేది ఎక్కువగా కొత్తగా వచ్చినవాళ్ళ పిల్లలు, వాళ్ళ తల్లులు. సిరియా నుంచి వచ్చిన ఒకామె కొలను గట్టు పట్టుకుని, తనలాగే, తన భాషలో నీళ్ళను తిడుతోంది. ఇంకా చెయ్యి వదల్లేదు.

బెర్న్‌ట్ ఆ కబురు తెచ్చిన మరునాడు సాయంత్రం కట్ట మీద క్యుల్పర్ కుక్కతో ఎదురయ్యాడు. గాలి ఇద్దరినీ పక్కకు తోస్తోంది.

"మొయిన్, ఫ్రౌ రావ్" అని దీవి పద్ధతిలో పలకరించాడు.

"మొయిన్. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట?"

"ఖాళీగానే ఉంది."

"మంచి మనిషి దొరకాలి."

"దొరకాలి."

ఆమె ఆగింది. ఆయనా ఆగాడు. కుక్క గొలుసు లాగింది. అప్పుడాయన తన ముసలి కళ్ళతో నదిని చూస్తూ అన్నాడు. "మీరేం కంగారు పడకండి. మిమ్మల్ని మాత్రం అడగను. అప్పుడే వద్దన్నారు. నాకు గుర్తుంది. వద్దన్న మనిషిని మళ్ళీ అడగడం నాకు చేతకాదు."

కానుక ఇస్తున్నట్టు అన్నాడు ఆ మాట. ఆమె థాంక్స్ చెప్పి ఇంటికొచ్చింది. అడగరు. ఇక ఆ కుర్చీ కావాలంటే, నిండు సభలో లేచి, నాకివ్వండి అని తనే అడగాలి. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ ఏదీ నాకని అడగలేదు. పెట్టమని అడిగి తినేవాళ్ళను పుట్టింట్లో ఏమనేవారో ఆమెకు గుర్తుంది.

మ్యూనిక్‌లో ఉన్న నీనాకు ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, జస్ట్ సే యా! వేర్ ఈజ్ ద ప్రాబ్లం?" అంది నీనా, ఎక్కడో రైలు ఎక్కుతూ. జర్మన్‌లో సరే అనడానికి ఆ యా చాలు, దాని భాషలో ఇబ్బంది ఒకే అక్షరమంత. తల్లి ఆ అక్షరం చుట్టూ తిరుగుతోంది.

ఆదివారం జగన్మోహన్ వచ్చాడు. వరంగల్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హాంబర్గ్ తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. టీ చేతికందాక గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. ఆ బీరు దుకాణం పోస్టుకు మీరు నిలబడతరని బావగారు అంటున్నరు. నిజమేనా?"

కుముదిని భర్త వైపు చూసింది. తిరుపతిరావు బిస్కెట్ల పళ్ళెం వైపు చూశాడు.

"నిలబడాలనుకుంటున్నాను."

"గదేందక్కా! ఉగాదికి దీపం మీ చేతనే ముట్టియ్యాలనుకున్నం. రేపు మందు దుకాణం నడిపే ఆమె దీపం ముట్టిస్తుందని నలుగురూ నవ్వరా?"

"ఉగాది ఎక్కడ చేస్తున్నారు జగన్మోహన్?"

"ఎప్పటి లెక్కనే. షెడ్డు వెనక హాల్లో."

"అద్దె ఎంతిస్తున్నారు?"

"అద్దె లేదు గదక్కా, వాళ్ళు ఊరికనే ఇస్తరు."

"ఊరికే ఎందుకిస్తున్నారు? ముందు గదిలో బీరు తాగినవాళ్ళు వెనక గదిలో హీటరుకి డబ్బు కట్టారు కాబట్టి. పిల్లల కూచిపూడి ఆ వెచ్చదనంలోనే జరిగింది. ఉగాది పచ్చడి ఆ వెచ్చదనంలోనే పంచారు. అప్పుడెవరూ నవ్వలేదే?"

జగన్మోహన్ టీ తాగాడు. కప్పు ఖాళీ అయ్యాక కూడా ఒకసారి తాగాడు.

"మీరు గట్ల అడిగితే నేనేం జెప్తనక్కా."

"చెప్పక్కర్లేదు. దీపం ఎవరిచేత వెలిగిస్తారో మీ ఇష్టం. హాలు కావాలంటే మాత్రం ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. నువ్వు కూర్చుంటావా?"

"అమ్మో! నాతోని కాదు. వీసాకేమన్నా అయితే?"

"అయితే ఇంకో బిస్కెట్ తిను."

అతను వెళ్ళాక తిరుపతిరావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. వారం వారం షెడ్డులో ఒక గ్లాసు బీరు తాగి, నోట్లో సోంపు వేసుకుని ఇంటికొచ్చే మనిషి ఆయన. సోంపు వాసనకే ఆమెకు అంతా తెలిసిపోతుందని ఆయనకూ తెలుసు.

"నాకు బీరు పోసేది నువ్వే, ఇంటికొస్తే తిట్టేదీ నువ్వేనా? నా గతేం కాను?" అన్నాడు మొదట.

ఆమె నవ్వలేదు. అప్పుడాయన గొంతు మార్చాడు. "వద్దులే కుముదినీ. ఈ వయసులో మనకెందుకు? ఎవడైనా తాగి నదిలో పడితే రేపు నీ పేరు పేపర్లో వేస్తారు. పరువుగా బతికాం ఇన్నాళ్ళూ."

"ఇన్నాళ్ళూ పరువుగానే ఉన్నాను. కాస్త పనికొచ్చేలా కూడా ఉంటాను."

"నేను చెప్పేది వినవన్నమాట."

"విన్నాను. నిలబడతాను."

గురువారం సాయంత్రం సమావేశం. మర్నాడే గడువు. షెడ్డు నిండింది. తడి కోట్ల వాసన, వేయించిన చేప వాసన. కుముదిని తన చోట కూర్చుని గ్లాసు బోర్లించి, కోటు విప్పింది. రానన్న తిరుపతిరావు ఆలస్యంగా వచ్చి, వెనక పొయ్యి పక్కన చేరాడు.

క్యుల్పర్ లేచి హాన్నెస్ పేరు చెప్పాడు. అందరూ కాసేపు నిలబడి మళ్ళీ కూర్చున్నారు. తర్వాత లైసెన్సు సంగతి చదివి, సభను చూశాడు.

"ఎవరైనా ఉన్నారా?"

దీవి మొత్తం తన గ్లాసులోకి చూసుకుంది. ఎవరో ముక్కు చీదారు. క్యుల్పర్ కళ్ళు బల్లలన్నిటి మీదుగా నెమ్మదిగా నడిచాయి. కుముదిని బల్ల దగ్గరికొచ్చి, ఇచ్చిన మాట ప్రకారం, ఆమెను దాటి వెళ్ళిపోయాయి.

"లేరు" అన్నాడు బెర్న్‌ట్. "లేరని నాకు ముందే తెలుసు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కంపెనీ సంగతి ఓటుకు పెట్టండి, ఇంటికి పోదాం."

క్యుల్పర్ నోరు తెరిచాడు. సరే అనబోతున్నాడు. ఆ ఒక్క మాట అయితే అంతా అయిపోతుంది.

కుముదిని లేచింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకు తలలన్నీ తిరిగాయి. ఆమెకు సామర్లకోటలోని చుట్టాలందరూ ఆ షెడ్డులో నిలబడి చూస్తున్నట్టుంది.

"నేనున్నాను" అంది. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ అంది. "నేను. నా పేరు రాయండి. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. నాకు ఆ కుర్చీ కావాలి."

క్యుల్పర్ కళ్ళద్దాలు తీశాడు. "కాని ఫ్రౌ రావ్, అప్పుడు మీరు..."

"అప్పుడు వద్దన్నాను. మా వైపు మొదటిసారి వద్దనే అంటారు హెర్ క్యుల్పర్. మీరు రెండోసారి అడుగుతారని కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను. ఇక ఓపిక లేదు."

చాలామందికి వెంటనే అర్థం కాలేదు. అర్థమైన ఫ్రౌ మేవెస్ మాత్రం పగలబడి నవ్వింది.

బెర్న్‌ట్ నవ్వలేదు. "నాకు మీ మీద కోపమేం లేదు. కాని చూడండి, మీ గ్లాసు చూడండి. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క రుచి చూడలేదు. బీరు బాగుందో పులిసిందో మీకెలా తెలుస్తుంది?"

"మీరంతా ఉన్నారుగా చెప్పడానికి. నేనడక్కుండానే చెబుతారు."

"నేను సరదాకి అనడం లేదు."

"నేనూ అంతే. గారేజీ నడిపినన్నాళ్ళూ మీరు పెట్రోలు తాగారా, హెర్ బెర్న్‌ట్?"

షెడ్డు ఘొల్లుమంది. ఎవరో బల్ల చరిచారు. నవ్వు తగ్గేదాకా ఆమె నిలబడే ఉంది. గొంతు ఇప్పుడు సన్నగా లేదు.

"మీరు ఇక్కడ తాగారు కాబట్టి నేను ఈత నేర్చుకున్నాను. నా కూతురు నేర్చుకుంది. ఇక్కడ సగం మంది పిల్లలు అలాగే నేర్చుకున్నారు. ఇప్పుడొక ఆడమనిషి కొలను గట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా చెయ్యి వదల్లేదు. ఆమెతో వెళ్ళి ఏం చెప్పమంటారు? తర్వాత చూసుకుంటాం అని చెప్పనా? అందరికీ షెడ్డు కావాలి. పూచీ మాత్రం ఎవరికీ వద్దు. తాగిన మనిషికి ఇక చాలు, ఇంటికి పో అని చెప్పడానికి తాగని మనిషి ఒకరుండాలి. చిన్నపిల్లలకు పోయకుండా చూడటానికి కళ్ళు సరిగ్గా ఉన్నవాళ్ళు ఒకరుండాలి. నేనుంటాను. నేను తాగను, మిమ్మల్ని మానమనను. మీలో ఎవరైనా నాకంటే బాగా చేస్తామంటే ఇప్పుడే లేవండి, నేను కూర్చుంటాను."

ఎవరూ లేవలేదు. ఆమె కూడా కూర్చోలేదు.

క్యుల్పర్ ఓటు అడిగాడు. చేతులు లేచాయి. ముందు బల్లల నుంచి కొన్ని, కిటికీ వైపు నుంచి చాలా. బెర్న్‌ట్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కుముదిని కళ్ళు వెనక్కి, పొయ్యి దగ్గరికి వెళ్ళాయి. తిరుపతిరావు ఒక చెయ్యి గ్లాసు మీద ఉంది, రెండోది జేబులో ఉంది. రెండూ అక్కడే ఉన్నాయి. ఆమె చూసిందని ఆయన చూశాడు.

చేతులు చాలినన్ని లేచాయి. క్యుల్పర్ ఆ మాట ప్రకటించి, ఆమె వైపు తిరిగాడు. ఎన్నికైన మనిషిని అడగాల్సిన ఆఖరి ప్రశ్న ఒకటుంది. దాన్ని ప్రతి ఎన్నికలోనూ అడుగుతారు.

"ఫ్రౌ రావ్, ఈ ఎన్నికను మీరు స్వీకరిస్తున్నారా?"

ఆమె లోపల ఎక్కడినుంచో ఒక నవ్వు, ఒక అయ్యో, అంత పెద్ద పని నాకెందుకండీ అన్న మాట, అలవాటు ప్రకారం గొంతు దాకా వచ్చాయి. పెదవులు కూడా కదిలాయి. వాటిని గట్టిగా బిగించి, ఆ మాట మింగి, "యా" అంది.

ఇంటికి నడుస్తుంటే వాన మొదలైంది. ఒకే గొడుగు. ఇద్దరూ కట్ట దాటారు.

"మొగుడు చెయ్యెత్తితే మొగుడు గెలిపించాడంటారు" అన్నాడు తిరుపతిరావు. "అందుకని ఎత్తలేదు. నీ అంతట నువ్వే గెలిచావు."

"అబద్ధం."

ఆయన వాన నీళ్ళ గుంట ఒకటి దాటాడు. "సగం అబద్ధం."

"ఆ రెండో సగం ఏమిటో?"

"భయం వేసింది."

"నాకూ వేసింది. అయినా లేచాను."

ఆయన గొడుగు ఆమె వైపు జరిపాడు. ఆమె తిరిగి మధ్యకు జరిపింది. ఇంటి తలుపు దగ్గర క్యుల్పర్ ఫోన్ వచ్చింది. లైసెన్సుల ఆఫీసు టెర్మిన్ కోసం, అంటే ముందుగా ఖాయం చేసుకునే సమయం కోసం, ఇంటర్నెట్‌లో చూశాడట. వచ్చే నెల దాకా ఒక్కటీ ఖాళీ లేదు. గడువు రేపే. ఇప్పుడేం చేద్దాం అన్నాడు, మొదటిసారి సలహా అడిగే గొంతుతో.

"రేపు నేను వెళ్తాను."

"టెర్మిన్ లేకుండానా? లోపలికి రానివ్వరు."

"బయట ఉంటాను."

మర్నాడు పొద్దున్న ఆమె సభ తీర్మానాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, మొదటి ఫెర్రీ ఎక్కి నది దాటింది. గాలివానకు గొడుగు పనికిరాలేదు. ఆఫీసు తలుపు దగ్గర మనిషి టెర్మిన్ ఉందా అని అడిగాడు. లేదంది. అయితే ఇవాళ కుదరదన్నాడు. సరేనని చెప్పి, వెనక్కి పోకుండా, వరండాలో గోడ వారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. కోటు నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కట్టాయి.

ఒక యువ గుమాస్తా బయటికొచ్చి, టెర్మిన్ ఉన్నవాళ్ళనే పిలుస్తామని చెప్పాడు. "పిలవండి, వాళ్ళకు నేను అడ్డం రాను" అంది. ఇంకోసారి వచ్చి, ఈమెయిలు పెట్టుకోవచ్చన్నాడు. "నిన్న రాత్రే పెట్టాం. చదివేదాకా ఉంటాను" అంది. భోజనాల వేళ అతను కోటు వేసుకుని వెళ్ళాడు, తిరిగొచ్చాడు. ఆమె అక్కడే ఉంది. అతను తన గది తాళం తీస్తూ ఆగాడు.

"మీకు అసలు ఏం కావాలి?"

"ఫింకెన్‌వెర్డర్ వలల షెడ్డుకు మూడో ధర్మకర్త దొరికారు. గడువు ఇవాళే. ఆ సంగతి చెప్పడానికి వచ్చాను."

"ఎవరు దొరికారు?"

"నేనే."

అతను గడియారం చూశాడు. నేల మీది మడుగు చూశాడు. తర్వాత తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె లేచి, ముందు సంచిలోని తీర్మానాన్ని పొడి చేత్తో బయటికి తీసి, లోపలికి వెళ్ళింది.